స్టెరాయిడ్ వాడేవాళ్ళ ఎముకలకి ఏ మందు: వారం మాత్రా, ఏడాది సెలైనా, ఆర్నెల్ల ఇంజెక్షనా, రోజూ పెన్నా?

విశాఖ మహారాణిపేటలో మాది మందుల షాపు. కేజీహెచ్ (పెద్దాసుపత్రి) చీటీలు, చుట్టుపక్కల క్లినిక్కుల చీటీలు రోజంతా చేతిలో ఆడుతుంటాయి. గాజువాక నుంచి నెలనెలా వచ్చే ఒకావిడ ఉన్నారు, కీళ్ళవాతం. ఏడాదిన్నరగా రోజూ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ 10 మిల్లీగ్రాములు. ఒకసారి ఆవిడ బదులు కొడుకు వచ్చాడు. "అమ్మ నీళ్ళ బకెట్టు ఎత్తిందండి, నడుంలో కలుక్కుమంది. పట్టేసిందనుకుని మూడు వారాలు బామ్ రాశాం, తగ్గలేదు" అంటూ ఎక్స్‌రే కవరు కౌంటరు మీద పెట్టాడు. ఆవిడ పడలేదు, జారలేదు. బకెట్టు ఎత్తినందుకే వెన్నుపూస నొక్కుకుపోయింది.

ఆ రాత్రి పాత బిల్లులు తీసి చూశాను. స్టెరాయిడ్ ఉంది, గ్యాస్ మాత్ర ఉంది, ఎముక కోసం ఒక్క మందూ లేదు. పద్ధెనిమిది నెలలూ ఆ మాత్రలు నా చేత్తోనే ఇచ్చాను, ఒక్కసారీ అడగలేదు. అప్పట్నుంచీ నెలల తరబడి సాగే స్టెరాయిడ్ చీటీ కనిపిస్తే "ఎముకలకేమైనా రాశారా అమ్మా?" అని అడగకుండా మందు కవరు కట్టను. అడిగినవాళ్ళు డాక్టరు దగ్గరికెళ్ళి మళ్ళీ నా దగ్గరికే వస్తారు: "నాలుగు రకాలు చెప్పారండీ, ఏది మంచిది?" వాళ్ళకోసమే ఇదంతా రాస్తున్నాను. మందు రాయాల్సింది డాక్టరే. కానీ ఆయన గదిలోకి ఏ వివరాలు పట్టుకెళ్ళాలో, ఏ మందుకి ఒప్పుకుంటే ఏ బాధ్యత మీద పడుతుందో ముందే తెలిసుంటే ఎంపిక మేలుగా ఉంటుంది.

## స్టెరాయిడ్ ఎముకని ఏం చేస్తుంది

ఎముకలో మరమ్మతు పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఒక రకం కణాలు పాత ఎముకని తవ్వేస్తాయి, ఇంకో రకం కణాలు ఆ గుంటలో కొత్తది కడతాయి. స్టెరాయిడ్ ఆ కట్టే మేస్త్రీలను పని మాన్పిస్తుంది, చాలామందిని చంపేస్తుంది కూడా. తవ్వేవాళ్ళకి మాత్రం తొలి నెలల్లో జోరు పెంచుతుంది. పేగులో కాల్షియాన్ని సరిగా ఇంకనివ్వదు, మూత్రంలో ఎక్కువగా పోనిస్తుంది. పైగా తొడ కండరాలు నీరసిస్తాయి. కుర్చీలోంచి లేవడానికి చెయ్యి ఆనించాల్సి వస్తోందంటే అదే సూచన. అలాంటివాళ్ళు పడిపోతారు కూడా.

స్పాంజిలా ఉండే ఎముక ముందు దెబ్బతింటుంది: వెన్నుపూసలు, పక్కటెముకలు. పెద్ద మోతాదు వాడితే తొలి ఏడాదిలోనే అక్కడ 6 నుంచి 12 శాతం దాకా సాంద్రత తగ్గొచ్చు, ఆ తర్వాత ఏటా 3 శాతం చొప్పున పోతుంది. అంటే మొదటి మూడు నుంచి ఆరు నెలలే అసలైన కీలకం. "ముందు జబ్బు తగ్గనీ, ఎముకల సంగతి తర్వాత చూద్దాం" అనుకునేవాళ్ళు సరిగ్గా ఆ నెలల్నే పోగొట్టుకుంటున్నారు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. డెక్సా స్కాన్ (ఎముకల కోసం తీసే ప్రత్యేక ఎక్స్‌రే) కొలిచేది సాంద్రతని. స్టెరాయిడ్ సాంద్రతతో పాటు ఎముక నాణ్యతనీ, లోపలి అల్లికనీ పాడు చేస్తుంది. అందుకే ఒకే టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకతో పోల్చి ఆ స్కాన్ ఇచ్చే అంకె, మైనస్ పెరిగేకొద్దీ ఎముక బలహీనం) ఉన్న ఇద్దరిలో స్టెరాయిడ్ వాడే మనిషికే ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. రిపోర్టులో మైనస్ 1.8 చూసి "ఇంకా మైనస్ 2.5 రాలేదుగా" అని ఊరట పడొద్దు. ఎముకలు గుల్లబారాయని చెప్పే ఆ గీత 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళ కోసం గీసింది. స్టెరాయిడ్ వాడేవాళ్ళకి ఆ గీతకి ఎంతో ముందే వెన్నుపూస నొక్కుకుపోగలదు. గాజువాక ఆవిడ స్కోరు మైనస్ 2.1.

## డాక్టరు దగ్గరికెళ్ళే ముందు చేతిలో ఉండాల్సిన లెక్కలు

మొదటిది మోతాదు. రోజుకి ప్రెడ్నిసోలోన్ 2.5 మిల్లీగ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ, మూడు నెలలు దాటి వాడుతుంటే ఎముకల సంగతి చూసుకోవాల్సిందే. వేరే స్టెరాయిడ్ అయితే లెక్క మార్చుకోండి: ప్రెడ్నిసోలోన్ 5 మి.గ్రా. అంటే మిథైల్ ప్రెడ్నిసోలోన్ 4, డెఫ్లజకార్ట్ 6, డెక్సామెథసోన్ 0.75, హైడ్రోకార్టిసోన్ 20 మి.గ్రా. డెఫ్లజకార్ట్ ఎముకలకి ఏమీ చెయ్యదని ఎవరైనా అంటే నమ్మకండి. రోజుకి 30 మి.గ్రా. లేదా అంతకన్నా ఎక్కువ నెల దాటి వాడినా, ఏడాదిలో మొత్తం 5 గ్రాములు చేరినా ప్రమాదం చాలా ఎక్కువ కింద లెక్క. రోజుకి 14 మి.గ్రా. చొప్పున ఏడాది మింగితే 5 గ్రాములు దాటేసినట్టే.

రెండోది, ఇదివరకు ఎముక విరిగిందా? నడుం నొప్పి ఉన్నా, ఎత్తు తగ్గినట్టు అనిపించినా వెన్ను పక్కనుంచి తీసే ఎక్స్‌రే అడగండి. వెన్నుపూస నొక్కుకుపోయినా నొప్పి తెలియనివాళ్ళు చాలామంది ఉంటారు. మూడోది కిడ్నీ పనితీరు: రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్, దాంతో కట్టే ఈజీఎఫ్ఆర్ లెక్క (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె, తక్కువైతే పనితీరు తగ్గినట్టు). నాలుగోది గొంతు, అన్నవాహిక, అరగంట నిటారుగా కూర్చోగలిగే ఓపిక. ఐదోది ఇకముందు గర్భం దాల్చే ఆలోచన. ఆరోదాన్ని ఎవరూ అడగరు, నాకు అన్నిటికన్నా పెద్దదనిపించేది అదే: ఈ మందు ఆపిన రోజున ఏమవుతుంది, తేదీ తప్పకుండా వేయించే మనిషి ఇంట్లో ఎవరు?

స్టెరాయిడ్‌ని మాత్రం మీ అంతట మీరు ఆపకండి. చాలాకాలం వాడాక ఒక్కసారిగా మానేస్తే, ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి మేలుకోక ప్రాణం మీదికి వస్తుంది. మోతాదు తగ్గించవచ్చా అన్నది డాక్టరునే అడగండి. ఆస్తమా ఇన్‌హేలర్ వాడేవాళ్ళు ఇది చదివి భయపడి ఇన్‌హేలర్ మానొద్దు, మింగే మాత్రతో పోలిస్తే ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. నిజంగా భయపడాల్సింది మోకాళ్ళ నొప్పులకని అమ్మే పేరూ ఊరూ లేని పొడుల పొట్లాలకి. వాటిలో స్టెరాయిడ్ కలిపిన సంగతులు దేశంలో ఎన్నోసార్లు బయటపడ్డాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమై, నెలలో మొహం ఉబ్బితే ఆ పొట్లం డాక్టరుకి చూపించండి.

## అందరికీ పునాది: కాల్షియం, విటమిన్ డి

ఏ మందు ఎంచుకున్నా ఇవి ఉండాలి. ఇవి మాత్రమే చాలవు. రోజు మొత్తానికి తిండితో కలిపి కాల్షియం 1000 నుంచి 1200 మి.గ్రా., విటమిన్ డి 600 నుంచి 800 యూనిట్లు. ముందు తిండి లెక్క చూడండి. మన ఉత్తరాంధ్ర చోడి (రాగి) అంబలి దీనికి బంగారం: వంద గ్రాముల చోడి పిండిలో 350 మి.గ్రా. దాకా కాల్షియం ఉంటుంది. గ్లాసు పాలు, కప్పు పెరుగు, ముళ్ళతో సహా నమిలి తినే నెత్తళ్ళు కలిస్తే సగం పైన వచ్చేస్తుంది. మిగిలినది మాత్రతో. కాల్షియం కార్బొనేట్ అయితే అన్నం తిన్నాకే వేసుకోవాలి, 1250 మి.గ్రా. మాత్రలో అసలు కాల్షియం 500 మాత్రమే.

లోపం ఉందని డాక్టరు విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్ రాస్తే అది వారానికి ఒకటే, ఆయన చెప్పినన్ని వారాలే. రోజుకొకటి తాగేసి వాంతులతో వచ్చినవాళ్ళను చూశాను కాబట్టి కవరు మీద "ఆదివారం" అని పెద్దక్షరాలతో రాసిస్తాను. విశాఖలో ఎండకేం తక్కువ అంటారు గానీ, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు) ఉన్న అమ్మాయిల్ని డాక్టర్లు ఎండలోకి వెళ్ళొద్దంటారు. స్టెరాయిడ్ ఎక్కువగా వాడేదీ వాళ్ళే.

## వారం మాత్ర: అలెండ్రోనేట్ 70, రైసెడ్రోనేట్ 35

ఎముకని తవ్వే కణాల్ని అడ్డుకునే మందులు. చవక, ఏళ్ళ తరబడి వాడి చూసినవి. నెలకోసారి వేసుకునే ఐబాండ్రోనేట్ 150 కూడా ఈ కుటుంబమే.

చిక్కంతా వేసుకునే పద్ధతిలో ఉంది. మింగినదాంట్లో ఒంటికి పట్టేది ఒక శాతం కన్నా తక్కువ. అందుకే పరగడుపున, నిండు గ్లాసు మామూలు నీళ్ళతో వేసుకుని, అరగంట పాటు నిటారుగా కూర్చోవాలి లేదా నడవాలి. ఐబాండ్రోనేట్‌కి గంట. ఆ లోపు కాఫీ, టీ, పాలు, కాల్షియం, వేరే మాత్ర ఏదీ కూడదు. పెందుర్తి నుంచి వచ్చే ఒక పెద్దాయన ఈ మాత్రని టీతో మింగి మళ్ళీ పడుకునేవాడు. మందు ఒంటికి పట్టలేదు సరికదా, గుండెల్లో మంట పట్టుకుంది. సరిగ్గా వేసుకుంటే చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. అన్నవాహిక సన్నబడినవాళ్ళకి, మంచం పట్టినవాళ్ళకి, ఈజీఎఫ్ఆర్ 35 కన్నా తక్కువ ఉన్నవాళ్ళకి అలెండ్రోనేట్ పనికిరాదు. రైసెడ్రోనేట్‌కి ఆ హద్దు 30.

ఇప్పటికే రోజుకి ఏడెనిమిది మాత్రలు మింగుతున్న కీళ్ళవాతం మనిషికి, వారానికోసారే వచ్చే ఈ మాత్రని మర్చిపోవడం చాలా తేలిక. మూడో నెలలో మళ్ళీ కొనడానికి రాకపోతే నాకు తెలిసిపోతుంది.

## ఏడాదికోసారి సెలైన్: జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా.

అదే కుటుంబం, కానీ నరంలోకి, ఏడాదికి ఒక్కసారి, కనీసం పదిహేను నిమిషాలు ఎక్కిస్తారు. గొంతుతో, కడుపుతో, మతిమరుపుతో పనిలేదు. 2009లో అచ్చయిన పరీక్షలో స్టెరాయిడ్ వాడేవాళ్ళని రెండు జట్లుగా చేసి పోల్చారు: అప్పటికే మూడు నెలలు దాటి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళలో ఏడాదికి వెన్ను సాంద్రత దీనితో 4.06 శాతం, రైసెడ్రోనేట్‌తో 2.71 శాతం పెరిగింది.

మొదటిసారి ఎక్కించాక దాదాపు ముగ్గురిలో ఒకరికి రెండు మూడు రోజుల్లో జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. పారాసెటమాల్‌తో తగ్గిపోతాయి, రెండో ఏడు చాలా తక్కువ. ముందే చెప్పకపోతే ఇంటిల్లిపాదీ హడలిపోయి "ఇంకెప్పుడూ వద్దు" అంటారు. ఎక్కించే ముందు క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి చూడాలి, ఆ రోజు నీళ్ళు బాగా తాగాలి. ఈజీఎఫ్ఆర్ 35 కింద ఉంటే వద్దు. వయల్ మీద మోతాదు కూడా చూసుకోండి, క్యాన్సర్‌లో వాడే 4 మి.గ్రా.ది వేరు.

అరకు, పాడేరు వైపు నుంచి వచ్చేవాళ్ళకి నేను దీని గురించే ముందు అడగమంటాను. ఏడాదికి ఒక్క ప్రయాణం. మందు ఎముకలోనే చాలాకాలం నిలిచి ఉంటుంది కాబట్టి రెండో ఏడు ఒక నెల ఆలస్యమైనా కొంప మునగదు.

## ఆర్నెల్లకోసారి చర్మం కింద ఇంజెక్షన్: డెనోసుమాబ్ 60 మి.గ్రా.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే జనం దీన్ని ఇష్టపడి మొదలుపెడతారు, తెలియక ఆపేస్తారు.

పని బాగా చేస్తుంది. 2018లో అచ్చయిన పరీక్షలో, అప్పటికే స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళకి ఏడాదిలో వెన్ను సాంద్రత దీనితో 4.4 శాతం, రైసెడ్రోనేట్‌తో 2.3 శాతం పెరిగింది. కొత్తగా స్టెరాయిడ్ మొదలుపెట్టినవాళ్ళలో 3.8, 0.8. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని స్టెరాయిడ్ వల్ల వచ్చే ఆస్టియోపోరోసిస్‌కి (ఎముకలు గుల్లబారడానికి) అనుమతించింది. కిడ్నీ ద్వారా బయటికి పోయే మందు కాదు కాబట్టి మాత్ర, సెలైన్ పనికిరానివాళ్ళకి దారి చూపిస్తుంది. కాకపోతే డయాలిసిస్ దాకా వెళ్ళినవాళ్ళలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుందని అదే సంస్థ 2024 జనవరిలో గట్టి హెచ్చరిక జోడించింది. అలాంటివాళ్ళకి కిడ్నీ డాక్టరు కళ్ళెదుటే జరగాలి.

అసలు సంగతి ఆపడంలో ఉంది. ఈ మందు ఎముకలో నిలవదు. ఆరు నెలలు దాటగానే, అప్పటిదాకా కట్టేసి ఉంచిన తవ్వే కణాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఏడెనిమిది నెలలు గడిచేసరికి సంపాదించిన సాంద్రత కరిగిపోవడం మొదలవుతుంది, కొందరికి ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు కూలిపోతాయి. ఆపాలంటే, చివరి డోసు వేసిన ఆరేడు నెలలకి జోలెడ్రోనిక్ గానీ వారం మాత్ర గానీ అందుకోవాలి. "రెండు డోసులు వేయించాం, బాగుంది, చాలు" అని ఊరెళ్ళిపోయేవాళ్ళకి, ఆర్నెల్లు హైదరాబాదులో కొడుకుల దగ్గరా, ఆర్నెల్లు ఇక్కడా ఉండే పెద్దవాళ్ళకి ఈ మందు మొదలుపెట్టే ముందు రెండుసార్లు ఆలోచించమంటాను. మొదలుపెట్టాక మాత్రం ఫోనులో అలారం కాదు, గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో తేదీ రాయండి. ఇంటిల్లిపాదికీ కనపడాలి.

## రోజూ పెన్: టెరిపారటైడ్ 20 మైక్రోగ్రాములు

పైన చెప్పినవన్నీ తవ్వడాన్ని ఆపుతాయి. ఇదొక్కటే కట్టే మేస్త్రీలను పనిలోకి దింపుతుంది. స్టెరాయిడ్ దెబ్బ కొట్టేది ఆ మేస్త్రీలనే కదా, అందుకే ఈ జబ్బుకి ఇది సరిగ్గా అతుకుతుంది. 2007లో వచ్చిన పరీక్ష చూడండి: పద్ధెనిమిది నెలలకి వెన్ను సాంద్రత దీనితో 7.2 శాతం, అలెండ్రోనేట్‌తో 3.4 శాతం పెరిగింది. కొత్తగా వెన్నుపూస విరిగినవాళ్ళు ఇక్కడ 0.6 శాతం, అక్కడ 6.1 శాతం. సాంద్రత తేడా కన్నా ఈ రెండో తేడాయే నన్ను కదిలిస్తుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 సూచనల్లో కూడా, ప్రమాదం చాలా ఎక్కువగా ఉన్న పెద్దవాళ్ళకి ఇలాంటి కట్టే మందునే ముందు పెట్టింది.

దీనికి ఖర్చు ఎక్కువ, రోజూ పొట్ట మీదో తొడ మీదో పొడుచుకోవాలి, మామూలుగా రెండేళ్ళకి మించి వాడరు. ఆపాక వెంటనే మాత్రో సెలైనో అందుకోకపోతే కట్టినదంతా పోతుంది. పెన్ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. తెరిచిన 28 రోజులకి మందు మిగిలినా పారేయాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక మా షాపు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పాడైపోయింది. అప్పట్నుంచీ ఇలాంటి మందు పట్టుకెళ్ళేవాళ్ళకి తుపాను రోజుల్లో ఐసు ఎక్కడ దొరుకుతుందో చూసి పెట్టుకోమని చెప్తాను. మొదటి కొన్ని డోసులకి కళ్ళు తిరగొచ్చు, కూర్చుని వేసుకోండి. ఎముకలకి రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి, ఎముకలోకి క్యాన్సర్ పాకినవాళ్ళకి, పారాథైరాయిడ్ ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇది కూడదు.

రొమోసోజుమాబ్, రాలోక్సిఫీన్ లాంటివీ ఉన్నాయి గానీ, స్టెరాయిడ్ వాడేవాళ్ళలో ముందు వరసలో రాసేవి కావు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | వారం మాత్ర | జోలెడ్రోనిక్ | డెనోసుమాబ్ | టెరిపారటైడ్ |
|---|---|---|---|---|
| ఎప్పుడెప్పుడు | వారానికోసారి | ఏడాదికోసారి | ఆర్నెల్లకోసారి | రోజూ |
| పని | తవ్వకం ఆపుతుంది | తవ్వకం ఆపుతుంది | తవ్వకం గట్టిగా ఆపుతుంది | కొత్త ఎముక కట్టిస్తుంది |
| కిడ్నీ బాగాలేకపోతే | వద్దు | వద్దు | కాల్షియం చూస్తూ వాడొచ్చు | డాక్టరు నిర్ణయం |
| తేదీ తప్పితే | కొంత ఓర్చుకుంటుంది | బాగా ఓర్చుకుంటుంది | అసలు ఓర్చుకోదు | రోజుల తేడా పర్లేదు |
| ఆపాక | మెల్లగా తగ్గుతుంది | మెల్లగా తగ్గుతుంది | వేరే మందు తప్పనిసరి | వేరే మందు తప్పనిసరి |
| ఖర్చు | అన్నిటికన్నా తక్కువ | ఏడాది మొత్తానికి అందుబాటే | మధ్యస్థం | ఎక్కువ |

## ఎవరికి ఏది అడగాలి

యాభై దాటి, రోజుకి 5 నుంచి 7.5 మి.గ్రా. వాడుతూ, ఎముక విరగనివాళ్ళు: వారం మాత్రతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. పొద్దున్నే లేచి బీచి రోడ్డు మీద నడిచేవాళ్ళయితే మాత్ర వేసుకుని నడక మొదలుపెడితే ఆ అరగంట ఇట్టే గడిచిపోతుంది.

మాత్రల లెక్క తప్పేవాళ్ళు, గుండెల్లో మంట ఉన్నవాళ్ళు, ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు: జోలెడ్రోనిక్.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు, కానీ ఇంట్లో తేదీలు గుర్తుపెట్టే మనిషి ఉన్నవాళ్ళు: డెనోసుమాబ్.

వెన్నుపూస ఇప్పటికే విరిగినవాళ్ళు, టీ స్కోరు మైనస్ 3.5 గానీ అంతకన్నా కింద గానీ ఉన్నవాళ్ళు, పెద్ద మోతాదు వాడుతున్నవాళ్ళు: ముందు టెరిపారటైడ్ అడగండి. స్తోమత లేదంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి, జోలెడ్రోనిక్ అయినా వెంటనే మొదలవుతుంది. ఖరీదైనది కొనలేక ఏదీ మొదలుపెట్టకుండా ఇంటికెళ్ళిపోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం.

పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడపిల్లలు: ఇది వేరే దారి. మాత్ర, సెలైన్ మందులు ఎముకలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి, డెనోసుమాబ్ కడుపులో బిడ్డకి హాని చేయగలదు. పెళ్ళి గురించో, పిల్లల గురించో మీ ఆలోచన డాక్టరుకి మొహమాటం లేకుండా చెప్పాకే మందు రాయించుకోండి. నలభై లోపు వాళ్ళకి స్కాన్‌లో టీ స్కోరు కన్నా జెడ్ స్కోరు (అదే వయసువాళ్ళతో పోల్చే అంకె) చూస్తారు.

మాత్ర, సెలైన్, డెనోసుమాబ్ మొదలుపెట్టే ముందు ఒకసారి పళ్ళ డాక్టరుకి చూపించుకోండి. పీకాల్సిన పన్ను ముందే పీకించుకుంటే, అరుదుగా వచ్చే దవడ ఎముక సమస్య ఇంకా అరుదవుతుంది. మందు వాడుతుండగా తొడలో తగ్గని నొప్పి వస్తే చెప్పాలి. గజ్జల్లో నొప్పి వస్తే అది తుంటి బంతికి రక్తం అందకపోవడం కావచ్చు. అది స్టెరాయిడ్ వల్లే వచ్చే ఇంకో జబ్బు, దానికి ఎంఆర్ఐ కావాలి, పై మందులు దానికి జవాబు కావు.

గాజువాక ఆవిడకి డాక్టరు టెరిపారటైడ్ రాశారు. కొడుకు తన భార్యకి పెన్ను పొడవడం నేర్పాడు, పద్ధెనిమిది నెలలు ఒక్క పెన్నూ వృథా కాలేదు. చివరి పెన్ను అయిపోయిన వారంలోనే జోలెడ్రోనిక్ వయల్ కోసం మళ్ళీ అతనే వచ్చాడు. క్రియాటినిన్ రిపోర్టు కూడా తెచ్చాడు, నేను అడగకముందే.